తితిక్ష అంటే తప్పించుకొనుట కాదు

"ఏ దెబ్బా తగలకూడదు, ఏ ఇబ్బందీ కలగకూడదు" అన్నదే నేడు మన ప్రార్థనల సారాంశమైపోయినది. జాతకంలో స్వల్పదోషం కనిపిస్తే పరిహారం. ప్రయాణంలో చిన్న ఆటంకం కలిగితే శాంతి. బాలుడు ఆటలో మోకాలు చీరుకొనివస్తే మరునాటి నుండి ఆటయే నిషిద్ధం. రక్షణ కోరుట దోషం కాదు. ఆర్తుడు సైతం భక్తుడేనని గీత సప్తమాధ్యాయం అంగీకరించినది. కాని, గీరైనా పడని జీవితమే దైవానుగ్రహానికి చిహ్నమన్న భావన శాస్త్రసమ్మతం కాదు. అది భక్తివేషం ధరించిన భయం.

గీత ద్వితీయాధ్యాయంలోని 14వ శ్లోకాన్ని పరిశీలించండి. శీతోష్ణాలు, సుఖదుఃఖాలు ఇంద్రియ విషయ సంయోగం వలన కలుగుతాయి. అవి వచ్చిపోయేవి, అనిత్యాలు. ఇంతవరకు చెప్పి భగవానుడు అర్జునునికి ఇచ్చిన ఆదేశం ఏమిటి? సహించుమని. చలి తగలని చోటు వెదకుకొమ్మని కాదు, రథం వెనుకకు మరల్చుమని అసలే కాదు. సాధనచతుష్టయంలో తితిక్షకు స్థానం లభించినది ఇందుకే. దెబ్బ తగిలే అవకాశమే లేనివానికి తితిక్షను అభ్యసించే అవకాశం ఎక్కడిది?

అష్టాదశాధ్యాయంలోని 48వ శ్లోకం మరింత నిష్కర్షగా చెబుతుంది. అగ్నిని ధూమం ఆవరించినట్లు సర్వకర్మారంభాలనూ ఏదో ఒక దోషం ఆవరించియే ఉంటుంది. కనుక సహజమైన కర్మను దోషమున్నదని త్యజించరాదు. పొగ కంటికి సోకుతుందని పొయ్యి వెలిగించని ఇల్లాలు ఇంటిల్లిపాదికీ ఏమి వడ్డించగలదు? తిరస్కారానికి వెరచి సత్యం పలుకనివాడు, ఎడబాటుకు జంకి స్నేహం చేయనివాడు, ఓటమికి భయపడి విద్యారంభమే చేయనివాడు అందరిదీ ఆ పొయ్యి వెలిగించని సంసారమే.

"దుఃఖనివృత్తియే కదా మన దర్శనాల లక్ష్యం? దుఃఖహేతువులను దూరంగా ఉంచితే తప్పేమిటి?" అని కొందరి ఆక్షేపణ. దీనికి ఈశ్వరకృష్ణుని సాంఖ్యకారిక ప్రథమకారికలోనే సమాధానమున్నది. ఆధ్యాత్మిక, ఆధిభౌతిక, ఆధిదైవికాలనే తాపత్రయానికి లౌకికోపాయాలు నిశ్చితమైన పరిష్కారమూ కావు, శాశ్వతమైన పరిష్కారమూ కావు. ఔషధం ఈ జ్వరాన్ని తగ్గిస్తుంది. రాబోయే జ్వరాన్ని నివారిస్తానని మాట ఇవ్వదు. దుఃఖనివృత్తికి మార్గం వివేకజ్ఞానం. ఎన్ని గోడలు కట్టినా లోపలనున్నవాడు ఆ భయపడే మనస్సుతోనే ఉంటాడు.

అయితే సాహసం పేరిట అవివేకాన్ని సమర్థించుట మా ఉద్దేశం కాదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకమార్గంలో చిరుతదాడికి ఒక పసిపాప బలియైనది. అటువంటి దారుణాన్ని "చిన్న దెబ్బ" అనుట క్రూరత్వం. అనంతరం దేవస్థానం నడకదారి భక్తులకు చేతికర్రలు ఇచ్చినది, మధ్యాహ్నం దాటిన పిమ్మట పిల్లలను ఆ మార్గంలో అనుమతించుటపై ఆంక్షలు విధించినది. అవి ఉచితమైన జాగ్రత్తలు. కాని మార్గం మూతపడలేదు. నేటికీ భక్తులు గోవిందనామస్మరణతో సుమారు 3,550 మెట్లు ఎక్కుతూనే ఉన్నారు. మోకాళ్ల పర్వతం వద్ద కాళ్లు సలుపుతూనే ఉన్నవి. చేతిలోని కర్ర వివేకం, కదిలే కాలు శ్రద్ధ. కాలు కదపనివానికి కర్రతో పనియేమి?

ఇక పిల్లల విషయం. కఠోపనిషత్తులోని నచికేతుడు బాలుడే. యమసదనంలో మూడు రాత్రులు నిరాహారుడై వేచియున్నాడు. దీర్ఘాయువు, ధనం, గజాశ్వాలు, భోగాలు ఇస్తానన్నా నిరాకరించి ఆత్మవిద్యనే కోరుకున్నాడు. శ్రేయస్సు వేరు, ప్రేయస్సు వేరని యముడు బోధించినది ఆ బాలునికే. మనమో, ప్రేయస్సుకు "భద్రత" అని పేరు మార్చి పిల్లలకు అలవాటు చేస్తున్నాము. చెట్టెక్కనివ్వము, ఓడిపోనివ్వము, ఒక్క కఠినవాక్యం విననివ్వము. మన చేయి అందని నాడు వారు తొలి దెబ్బకే కుప్పకూలితే ఆ బాధ్యత ఎవరిది?

కనుక సాధకులారా! గాయానికి మందు రాయండి, దారిలో జాగ్రత్త వహించండి. కాని రేపటి పూజలో సంకల్పం చెప్పుకొనేటప్పుడు "ఏ దెబ్బా తగలనీయకు స్వామీ" అన్న మాటను పక్కనుంచి, "తగిలిన దెబ్బకు ధర్మం విడువని ధైర్యమివ్వు" అని అడగండి. ఆ కోరికను నోరారా కోరగలిగిననాడు తితిక్ష మీలో అంకురించినట్లే.