మన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదా?

మా ఆఫీసులో ఆర్నెల్లకోసారి ఎవరో ఒకరికి జ్ఞానోదయం అవుతుంది. ఉద్యోగం మానేసి ఊరెళ్ళి నాటుకోళ్ళు పెంచుతారట! మొన్న లంచ్ దగ్గర మా టీమ్ కుర్రాడొకడు లాప్‌టాప్ తెరిచి ఎక్సెల్ షీట్ చూపించాడు. వెయ్యి పిల్లలు, ఆరు నెలలు, బతికేవి తొంభై శాతం, కిలోకి ఇంత, లాభం ఇంత. చివరి వరసలో "రెండో ఏడు పదివేలు" అని కూడా ఉంది. ఫార్ములాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కోడి సంగతే ఎక్కడా లేదు.

నవ్వే అర్హత నాకు లేదు లెండి. అచ్చం ఇలాంటి షీటే కొన్నేళ్ళ క్రితం నేనూ వేశాను. నలుగురు మిత్రులం బోనస్ డబ్బులు కలేసి తెనాలి దగ్గర మా మేనత్త వాళ్ళ ఊళ్ళో షెడ్డు వేశాం. ఐదొందల పిల్లల్ని తెచ్చాం. ఎనిమిదో వారం టీకా మందు నేనే స్వయంగా గుంటూరు నుంచి తెచ్చాను. మే నెల, కారు డిక్కీలో, ఐసు లేకుండా. దార్లో భోజనానికి ఆగాం కూడా. పదకొండో వారంలో కొక్కెర తెగులు వచ్చింది. మెడలు తిరిగిపోవడం, పచ్చటి రెట్ట, నోళ్ళు తెరిచి ఆయాసపడడం.. వారంలో షెడ్డు ఖాళీ. గొయ్యి తీయించి సున్నం జల్లి పూడ్పించాం.

అక్కడితో అయిపోతే అది మా ఖర్మ అనుకునేవాణ్ణి. మా షెడ్డు నుంచి తెగులు అత్త దొడ్లోకి పాకింది. ఆవిడకున్న ఎనిమిది పెట్టల్లో ఆరు పోయాయి. మేం పోగొట్టుకున్నది ఒక ఏడాది బోనస్. ఆవిడ పోగొట్టుకున్నది, మామయ్యని అడగకుండా ఖర్చు పెట్టుకోగలిగిన ఒకే ఒక్క డబ్బు. మనవరాలి పుస్తకాలకీ, తన మోకాళ్ళ మందులకీ కోడో గుడ్లో అమ్మేది. ఆవిడ నన్ను తిట్టలేదు. "మీరు కోళ్ళని పెంచట్లేదురా అబ్బాయ్, దాణా కొంటున్నారు, అంతే" అంది.

ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. లెక్క చూడండి. ఫారం బ్రాయిలరు ఆరు వారాల్లో రెండు కిలోలు దాటుతుంది, కిలో పెరగడానికి కిలోన్నర పైచిలుకు దాణా తింటుంది. నాటుకోడి కిలోన్నర తూగడానికి ఐదారు నెలలు పడుతుంది. కేజుల్లో ఉండే లేయరు ఏడాదికి మూడొందల గుడ్లు దాటిస్తుంది. నాటు పెట్ట అరవయ్యో డెబ్బయ్యో పెట్టి, మధ్యలో పొదుగుకి కూర్చుంటుంది. అంటే కొన్న దాణాతో మేపితే ప్రపంచంలో ఇంతకన్నా చేతకాని కోడి లేదు. మరి మా అత్తకి లాభం ఎలా వచ్చింది? దాణా ఖర్చు లేదు కాబట్టి. గడ్డివామి కింద రాలిన గింజలు, చెదపురుగులు, చిట్టు, నూకలు, కంచాల్లో మిగిలిన మెతుకులు. రాత్రికి ఓ గంప కింద మూస్తే సరి. ఆ దొడ్డి ఎనిమిదింటినో పదింటినో మేపగలదు. పదకొండోది వచ్చిందంటే మిగతా పదీ చిక్కుతాయి. యాభై తెస్తే దాణా కొనాలి. దాణా కొన్న క్షణాన నాటుకోడి ఒక దండగమారి బ్రాయిలరు అయిపోతుంది.

మన వృత్తిలో పెద్దది చెయ్యలేనిదాన్ని లోపం అంటాం. ఇక్కడ అది లోపం కాదు, లాభం వచ్చేదే అందులోంచి.

"మరి నాటుకోడి ధర బ్రాయిలరుకి రెట్టింపు పైనే ఉంది కదా" అంటారు. నిజమే. ఆ ధర కోసమే నాటు పేరుతో ఏవేవో అమ్ముతున్నారు. హైదరాబాదు రాజేంద్రనగర్లోని కేంద్ర కోళ్ళ పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి లాంటి రకాల్ని తయారు చేసింది. పల్లె దొడ్ల కోసమే చేశారు, మంచి కోళ్ళే. కానీ అవి మన అసీలు, కాళస్తి, ఘాగస్ లాంటి జాతులు కావు. పొదిగే గుణం వాటిలో చాలావరకు పోయింది, కాబట్టి ప్రతిసారీ పిల్లల్ని కొనుక్కోవాల్సిందే. ఇక మనం సూపర్ మార్కెట్లో ఎక్కువ పెట్టి కొనే గోధుమరంగు గుడ్లంటారా? పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది, దానికీ బలానికీ సంబంధం లేదు. ఇది తెలియక నేను రెండేళ్ళు డబ్బులు తగలేశాను :)

ధర కంటే ఆశ పెద్దది. 2012లో తమిళనాడు పెరుందురైలో ఈము పక్షుల పథకం కూలిపోయి వేలమంది మునిగారు. 2019లో మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో కడక్‌నాథ్ కోళ్ళ పేరుతో అదే కథ. రెండు చోట్లా మాటలు ఒకటే. పిల్లల్ని మేమిస్తాం, పెంచండి, మేమే కొంటాం. పక్షి ఏదైతేనేం, అమ్ముడుపోయింది మాత్రం ఎక్సెల్ షీటే.

మన కులగురువు బిల్ గేట్స్ కూడా ఈ పని చేశాడు. 2016 జూన్‌లో, పేదరికంలో ఉంటే తాను కోళ్ళు పెంచుతానని రాశాడు, లక్ష కోళ్ళు దానమిస్తానన్నాడు. ఐదు పెట్టలతో మొదలెట్టి ఏడాదికి వెయ్యి డాలర్ల పైన సంపాదించవచ్చని లెక్క కట్టాడు. బొలీవియా ప్రభుత్వం "మా దగ్గర కోట్ల కోళ్ళున్నాయి, మీవి మాకొద్దు" అని మొహం మీదే చెప్పేసింది. లోకమంతా నవ్వింది. ఆ నవ్వులో పడి అదే వ్యాసంలో ఉన్న అసలైన మాట ఎవరికీ పట్టలేదు. కొక్కెర తెగులు టీకా ఇరవై సెంట్ల లోపే వస్తుందన్నాడాయన.

నాకు తెలిసినంతలో కథ మొత్తం అదే. పల్లెలో కోళ్ళకి కొదవ లేదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్ళు 31.7 కోట్లు. 2012తో పోలిస్తే 45 శాతం పైగా పెరిగాయి. అదే కాలంలో ఫారం కోళ్ళు పెరిగింది నాలుగున్నర శాతమే. ప్రభుత్వాలు పంచిన పిల్లలూ అందులో ఉంటాయి, కాదనను. కానీ మనం లాప్‌టాప్ మూసి ఊరెళ్ళి ఉద్ధరించకముందే ఈ పెరుగుదల జరిగిందని గమనించండి. కోడి కావాలంటే పక్కింటావిడ ఇస్తుంది. తూర్పు గోదావరి మన్యంలో పెట్టని వాటాకి ఇచ్చే పద్ధతి ఉంది. పెంచినామె పిల్లల్లో సగం తిరిగి ఇస్తుంది, సగం తను ఉంచుకుంటుంది. మధ్యలో బ్యాంకూ లేదు, యాప్ అసలే లేదు.

దొరకనిది టీకా. ఎందుకని? మందు సీసా వంద డోసులో అంతకన్నా ఎక్కువో వస్తుంది, మా అత్తకున్నవి ఎనిమిది. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి, కలిపాక గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి. ఎనిమిది కోళ్ళ కోసం ఎవరూ ఐసు డబ్బా పట్టుకుని ఊళ్ళోకి రారు. ఫారం వాడికి ఈ ఇబ్బంది లేదు. వాడి దగ్గర వేలున్నాయి, ఫ్రిజ్ ఉంది.

పరిష్కారం కొత్తగా కనిపెట్టక్కర్లేదు. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 1980లలోనే ఊరికో మహిళకి టీకాలు వెయ్యడం నేర్పింది. కోడికింత అని తీసుకుని ఆమే వేస్తుంది. ఆస్ట్రేలియాలో శాస్త్రవేత్తలు వేడిని కొంత తట్టుకునే ఐ-2 అనే టీకాని పల్లె కోళ్ళ కోసమే తయారు చేశారు. మొజాంబిక్, టాంజానియాల్లో కంట్లో చుక్కగా వేస్తారు, మూణ్ణాలుగు నెలలకోసారి. మన పల్లెలో ఇరవై ఇళ్ళు ఒకే రోజు పెట్టుకుంటే ఒక్క సీసా వృథా కాదు.

అందుకని మా టీమ్ కుర్రాడికి చెప్పాను. "నాయనా, షెడ్డు వేసే డబ్బులో వందో వంతుతో ఐసు డబ్బా కొను. మీ ఊళ్ళో ఒకామెకి పశువుల డాక్టరు గారి దగ్గర చుక్కలు వెయ్యడం నేర్పించు. గుర్తు చెయ్యడానికి ఫోన్లో క్యాలెండరు చాలు." వాడి మొహం మాడిపోయింది. "ఇందులో నాకేం మిగుల్తుంది సార్?" అన్నాడు.

ఏం మిగలదు. మిగిలేదంతా గంప మూసేవాళ్ళకే మిగులుతుంది. మనకేమీ మిగలని పనికి మనలో ఎంతమంది సిద్ధం? అది తేలకుండా "రైతుల కోసం, పల్లె కోసం" అనే మాటలు కట్టిపెడితే మంచిది.

అత్త ఊళ్ళో ఇది మొదలుపెట్టి రెండేళ్ళవుతోంది. ఈసారి మందు నేను మోసుకెళ్ళట్లేదు, ఆ పని తెలిసినామె చేస్తోంది. అత్త దొడ్లో మళ్ళీ తొమ్మిది పెట్టలున్నాయి. మొన్న పండక్కి వెళ్తే పులుసు పెట్టింది గానీ, కోళ్ళ గురించి సలహా మాత్రం అడగలేదు!