తూకపు రాళ్లకు ముద్ర వేసే గదిలో మనవాళ్లెవరు?

బాగేపల్లి తాలూకాలో ఏదైనా చిన్న సంఘానికి ఆదివారం ఆరాధనకు వచ్చి చూడండి. పాట తెలుగు, ప్రార్థన తెలుగు, ప్రసంగం తెలుగు. చేతిలోని పాటల కాగితం మీద అక్షరాలు మాత్రం చాలాచోట్ల కన్నడవి. చింతామణి వైపు, చిక్కబళ్లాపురం వైపు కూడా ఎన్నో ఇళ్లలో ఇదే సంగతి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. పిల్లలకు వచ్చిన లిపి కన్నడ కాబట్టి తెలుగు కీర్తనను ఆ అక్షరాల్లోనే రాసుకుంటారు. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. చింతామణి తాలూకాలోని కైవారంలో నారేయణ తాతయ్య రెండు భాషల్లోనూ పాడారు. రెండు భాషల మధ్య బతకడం ఈ నేలకు కొత్త కాదు.

చిక్కు ఫోనుతో వచ్చింది. మా యువకులు వాక్యాన్ని, సభల కబురును కన్నడ లిపిలో తెలుగుగా టైపు చేస్తే, ఫోను దాన్ని తప్పుల కన్నడగా లెక్కగడుతుంది. మాట కింద ఎర్రగీత గీస్తుంది. ఒక్కోసారి అడగకుండానే ఇంకో మాటగా మార్చేస్తుంది. తెలుగు లిపిలో వెతికితే కన్నడ లిపిలో ఉన్న పాట దొరకదు. నిజానికి “ఇది తెలుగు, కన్నడ లిపిలో ఉంది” అని కంప్యూటరుకు చెప్పే పద్ధతి ప్రమాణాల్లో ఉంది. భాషల గుర్తులకు సంబంధించిన బీసీపీ 47 అనే నియమం భాషను, లిపిని విడివిడిగా చెప్పనిస్తుంది. కాగితం మీద హక్కు ఉంది. చేతికి అందలేదు. ఇలాంటి కథ పేదలకు బాగా తెలిసిందే.

ఈ మాట స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మిత్రులతో అన్నప్పుడల్లా చర్చ ఒక ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. వెబ్ నియమాలు రాసే సంస్థలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థలు సభ్యులుగా చేరాలా? “చేరకూడదు, అది కంపెనీల సభ” అంటారు కొందరు. చేరాలి, కళ్లు తెరుచుకుని చేరాలి అంటున్నాం మేము.

ముందు ఆ సభ ఏమిటో చెప్పుకుందాం. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం, అంటే డబ్ల్యూ3సీ. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1994లో దీన్ని మొదలుపెట్టారు. వెబ్ పేజీ ఎలా కనబడాలి, చూపు లేనివారికి ఎలా వినబడాలి, ఏ భాష అక్షరాలు ఎలా పేర్చుకోవాలి అన్న నియమాలు ఎన్నో అక్కడ తయారవుతాయి. గూగుల్, ఆపిల్, మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీలు అందులో సభ్యులు. సభ్యత్వానికి రుసుము ఉంది.

“మనకెందుకు ఆ గొడవ?” అని కాపరులు కూడా అడుగుతున్నారు. కర్ణాటకలో పహణీలు భూమి పథకం కింద కంప్యూటరుకెక్కి ఇరవై ఏళ్లు దాటింది. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు నాడకచేరి ఆన్‌లైన్ అర్జీ. గృహలక్ష్మి కింద నెలకు 2,000 రూపాయలు రావాలన్నా పేరు నమోదు కంప్యూటరులోనే. కూలి తల్లి బతుకు బ్రౌజరు గుండా నడుస్తున్నప్పుడు, ఆ బ్రౌజరు నియమం ఆమె గొడవ కాకుండా ఎలా పోతుంది?

చింతామణి మార్కెట్టుకు టమోటా తెచ్చే రైతుకు తూకం సంగతి చెప్పనక్కరలేదు. కాటా సరిగా లేకపోతే ఎంత పండించినా నష్టమే. అందుకే తూకపు రాళ్లకు సర్కారు ముద్ర ఉండాలన్న చట్టం వచ్చింది. దొంగ త్రాసు దేవునికి గిట్టదని సామెతల గ్రంథం కూడా హెచ్చరిస్తుంది. వెబ్ ప్రమాణం అంటే తూకపు రాయే. ముద్ర వేసే గదిలో వ్యాపారులు మాత్రమే కూర్చుంటే, “ఆ గది మైల, మేము రాము” అని రైతు బయట నిలబడటం పవిత్రత అవుతుందా?

చేరవద్దనేవారి బలమైన వాదనను దాటవేయం. 2013లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ డబ్ల్యూ3సీలో చేరింది. బ్రౌజర్లలో సినిమాలకు, వీడియోలకు డిజిటల్ తాళం వేసే ప్రమాణాన్ని అడ్డుకోవడానికే చేరింది. ఆ ప్రమాణం పేరు ఎన్‌క్రిప్టెడ్ మీడియా ఎక్స్‌టెన్షన్స్. తాళం తప్పనిసరి అయితే ఒక్క మాటైనా ఇవ్వండి అని అడిగింది. భద్రతా లోపాలు బయటపెట్టే పరిశోధకుల మీద, వికలాంగులకు వీడియోను అందుబాటులోకి తెచ్చేవారి మీద ఆ తాళం పేరుతో కేసులు పెట్టబోమని సభ్యులు ఒప్పుకోవాలి అంది. ఒప్పుకోలేదు. అప్పీలు మీద ఓటింగు జరిగితే ప్రమాణానికి అనుకూలంగా 108, వ్యతిరేకంగా 57 ఓట్లు వచ్చాయి, 20 మంది తటస్థం. 2017 సెప్టెంబరు 18న ప్రమాణం వెలువడింది. అదే రోజు ఆ ఫౌండేషన్ రాజీనామా చేసింది.

“చూశారా, లోపలికెళ్లి ఏం సాధించారు?” అంటారు. మేము ఆ లెక్కను ఇంకోలా చదువుతున్నాం. ఆ అప్పీలు హక్కు సభ్యులది. బయట ఊరేగింపులు చేసినవారు మంచి పనే చేశారు, కానీ ఓటింగు పెట్టించే అధికారం వారికి లేదు. లోపల ఒక సంస్థ ఉన్నందువల్లే ఎవరు ఎటున్నారో లెక్క తేలింది, 57 సభ్య సంస్థలు కాదన్నాయని లోకానికి తెలిసింది. ప్రజాపక్షాన నిలిచే సంస్థలు ఇంకో యాభై అక్కడ ఉండి ఉంటే? ఓడింది చేరినందుకు కాదు. చేరవలసినవారిలో చాలామంది చేరనందుకు.

మనం లేనిచోట మన భాష గతి ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో చూశాం. “జ్ఞా” అన్న తెలుగు అక్షరం ఒక ప్రత్యేక రూపంలో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ కొద్దిరోజుల్లో సరిచేసింది. ప్రపంచ పత్రికలు మాత్రం ఫోన్లను చంపే తెలుగు అక్షరమని రాశాయి. తప్పు అక్షరానిదా, కోట్లమంది రాసే అక్షరాన్ని సరిగా పరీక్షించని వారిదా? మరోవైపు, మనవాళ్లు కూర్చున్నచోట పని జరిగింది. పాత తెలుగు రాతలోని నకారపొల్లు కోసం తెలుగు పండితులు, సాంకేతికులు పట్టుబట్టి రాశారు. 2021లో యూనికోడ్ 14 తెలుగుకూ కన్నడకూ ఆ అక్షరాన్ని చేర్చింది. అడిగినవారికి ఇచ్చారు.

అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయం మనకు కొత్తది కాదు. యెరూషలేము సంఘంలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ భోజనం సరిగా అందలేదు. ఒకే సంఘం, ఒకే విశ్వాసం. అయినా భాష వేరైన పేద స్త్రీలు పంక్తిలో మిగిలిపోయారు. వారి పక్షంవారు సంఘాన్ని వదిలిపోలేదు, సణుక్కుని ఊరుకోనూ లేదు, ఫిర్యాదు చేశారు. అపొస్తలులు ఓదార్పు మాటలతో సరిపెట్టలేదు. వడ్డించే అధికారాన్ని ఏడుగురి చేతిలో పెట్టించారు. స్తెఫను, ఫిలిప్పు మొదలుకొని ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే. అన్యాయం జరిగిన భాషవారి చేతికే గరిటె ఇవ్వడం తొలి సంఘం నేర్పిన న్యాయం.

అందుకని గుడ్డిగా చేరమని మేము అనడం లేదు. పెద్దల సభలో కుర్చీ దొరకగానే పేదల మాట మరచిపోయినవారిని మనం సంఘాల్లోనూ చూశాం, రాజకీయాల్లోనూ చూశాం. కాబట్టి హైదరాబాదులోని స్వేచ్ఛ, బెంగళూరులోని ఫ్రీ సాఫ్ట్‌వేర్ మూవ్‌మెంట్ కర్ణాటక లాంటి సంస్థల ముందు నాలుగు మాటలు పెడుతున్నాం.

ఒకటి, సభ్యత్వ రుసుమును ఏ పెద్ద కంపెనీ దగ్గరా తీసుకోవద్దు. ఎవరి ఉప్పు తింటే వారి పాట పాడవలసి వస్తుంది.

రెండు, అక్కడ వేసిన ప్రతి ఓటునూ ఎందుకు వేశారో తెలుగులోనూ కన్నడలోనూ ప్రజలకు చెప్పాలి.

మూడు, ఆ కుర్చీలో ఇంజనీర్లే కూర్చోవద్దు. చూపు లేనివారు, బడి మానేసిన ఆడపిల్లలు, బాగేపల్లి లాంటి సరిహద్దు ఊళ్లవారు పరీక్షించి చెప్పిన మాట అక్కడికి చేరాలి.

నాలుగు, మనస్సాక్షి ఒప్పుకోని రోజు వస్తే 2017లో ఆ ఫౌండేషన్ చేసినట్టే కారణాలు బాహాటంగా చెప్పి బయటికి రావాలి. లోపలికి వెళ్లేరోజే ఆ గీత ఎక్కడుందో గీసుకోవాలి.

రుసుము సంగతి మా సంఘాలకే చెబుతున్నాం. మన తల్లులు రోజూ వంటకు ముందు పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టి గుళ్లు కట్టారు, సువార్తికులను పోషించారు. పది సంఘాలు కలిస్తే ఆ పిడికెడు బియ్యం ఒక కుర్చీకి సాయపడదా? మైకు సెట్లకు, పండుగ పందిళ్లకు లక్షలు పోస్తున్నాం. మన పిల్లల భాష ఫోనులో తప్పుగా గీత పడకుండా చూడటానికి కొంత తీయలేమా? డబ్బు కూడేదాకా ఆగనక్కరలేదు కూడా. డబ్ల్యూ3సీలో కమ్యూనిటీ గ్రూపులకు రుసుము లేదు, ఎవరైనా చేరవచ్చు. కన్నడ లిపిలో తెలుగు రాసుకునే మన సమస్యను నమూనాలతో సహా రాసి పెట్టడం వచ్చే నెలలోనే మొదలుపెట్టవచ్చు. చింతామణిలో ఒకరు, బాగేపల్లిలో ఒకరు, చిక్కబళ్లాపురంలో ఒకరు, ముగ్గురు యువకులు చాలు.

బయట నిలబడి శపించడం తేలిక. లోపలికెళ్లి లొంగిపోవడం ఇంకా తేలిక. లోపల నిలబడి, ఓడినా లెక్క రాయించి, మళ్లీ అడగడం కష్టం. సువార్త మనకు అప్పగించిన పని ఆ మూడోదే.