ఇప్పపూలకు రాత్రి నేస్తం

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఛత్తీస్‌గఢ్ పల్లెలు కోడికూతకన్నా ముందే లేస్తాయి. రాత్రంతా రాలిన ఇప్పపూలను పశువుల నోట పడకముందే బుట్టలకెత్తాలి. భిలాయ్ ఉక్కు కర్మాగారానికి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరా చుట్టుపక్కల ఊళ్లలోనూ ఇదే సందడి. ఎండబెట్టిన పువ్వు తిండి, అమ్మితే సంతలో రొక్కం, గింజ ఆడితే నూనె. అందుకే ఇక్కడ 'మహువా' అని పిలిచే ఈ ఇప్పచెట్టు గోండులకు పూజనీయం. మన మన్యంలోనూ ఇప్పచెట్టును గొడ్డలికి అప్పగించడానికి మనసొప్పదు.

ఆ చెట్టుకు ఎంతో మేలు చేసే పెద్ద గబ్బిలానికి మాత్రం ఈ మన్నన దక్కలేదు. ఇప్పపువ్వు రాత్రి విచ్చుకుంటుంది, గబ్బిలం చీకటిపడ్డాకే మేతకు బయల్దేరుతుంది. కండపట్టిన తియ్యటి రేకుల కోసం వాలినప్పుడు మూతికంటిన పుప్పొడిని మరో చెట్టుకు చేరుస్తుంది. పండు తిని గింజను దూరాన వదిలేస్తుంది. వేళ్లు పాతుకున్న చోటు వదలలేని చెట్టు సంతానం ఆ రెక్కల మీద వాగులు దాటుతుంది. మూడు షిఫ్టుల్లో బతికే భిలాయ్‌కి ఈ నైట్ డ్యూటీ విలువ వేరే చెప్పాలా?

ఒకటి మొక్క, ఒకటి పాలిచ్చే జంతువు. అయినా రెంటికీ నిదానమే స్వభావం. ఇప్ప మొక్క పూతకు రావడానికి సుమారు పదేళ్లు పడుతుంది. పెద్ద గబ్బిలం సాధారణంగా ఏడాదికి ఒకే పిల్లను కంటుంది. పోగొట్టుకున్నంత త్వరగా ఈ రెంటినీ తిరిగి తెచ్చుకోలేం.

2022లో సవరించేదాకా మన వన్యప్రాణి చట్టం పండ్లు తినే గబ్బిలాలను ఎలుకలు, కాకుల సరసన హానికర జంతువులుగా లెక్కగట్టింది. 2018లో కేరళలో గబ్బిలాల నుంచి సోకే నిపా వైరస్ ప్రబలాక భయం మరింత పెరిగింది. జాగ్రత్త అవసరమే: కొరికిన పండు తినకూడదు, గబ్బిలాలను చేత్తో తాకకూడదు. అంతేగానీ అవి వేలాడే చెట్లు నరికితే, చెదిరిన గుంపు మరో చోటికి చేరుతుంది, చెట్టు మాత్రం పోతుంది. మనం భయపడే ఈ ప్రాణినే కవి జాషువా 1941లో తన 'గబ్బిలం' కావ్యంలో శివుడి దగ్గరకు దూతగా పంపారు. గుళ్లోకి రానివ్వని పేదవాడి గోడు మోసే అర్హత దానికే ఉందని ఆయన నమ్మారు.

పూల కోసం ఇప్పచెట్ల కింద ఆకులు తగలబెట్టడం మానాలి, మొలకలు బతుకుతాయి. గింజలన్నీ ఊడ్చేయకుండా కొన్ని నేలకు వదలాలి. భిలాయ్ టౌన్‌షిప్‌లో మొక్కలు నాటే ప్రతి సంఘం, మన తెలుగు సంఘాలతో సహా, ఒక్క ఇప్పమొక్కనైనా పెంచాలి. దాని మీద వాలే గబ్బిలాన్ని తరమకుండా ఉండటం కూడా ఆ మొక్కకు నీళ్లు పోయడంలో భాగమే.