చెవినిచ్చినోళ్లే రాయించిన్రు

రాయడం ఒంటరి తపస్సు అని సాహిత్య సభలల్ల చెప్పంగ చాలాసార్లు విన్న. ప్రతిభ ఉన్న మనిషి ఎక్కడున్నా రాస్తడట. గుంపు కట్టినోళ్లు నినాదాలే రాస్తరట. దళిత రచయితల మీద, అందుల మా ఆడోళ్ల మీద ఈ మాట ముప్పై ఏండ్ల సంది పడుతనే ఉన్నది. ఇన్నేండ్లు విని ఊరుకున్నది చాలు, దీనికి జవాబు చెప్పాలె.

ముందుగాల ఆ తపస్సు సంగతే అడుగుత. తపస్సు చేసిన శంబూకునికి ఏమైందో మాకు ఎరికే. ఎవరు కండ్లు మూసుకొని కూసుంటే జ్ఞానం, ఎవరు కూసుంటే నేరం అనేది ఈ దేశంల కులమే తేల్చింది.

అసలు ఒంటరిగ రాసినోడు ఎవడు? తాత పొద్దుగాల లేచి పద్యం చదువుతడు. నాయన బీరువా నిండ పుస్తకాలుంటయి. మేనమామకు పత్రికల తెలిసినోళ్లుంటరు. పిలగాడు నాలుగు లైన్లు రాస్తే వినెటోళ్లు, దిద్దెటోళ్లు, అచ్చుకు పంపెటోళ్లు ఇంటి చుట్టే ఉంటరు. అడగకుండనే కాఫీ వస్తది. ఆ కాఫీ కలిపిన ఆమె పేరు ఏ ముందుమాటలా ఉండదు. ఆ సంఘం వాళ్లకు పుట్టుకతోటే దొరికింది గనుక కండ్లకు ఆనదు. మాకు అది పుట్టుకతోటి రాలే. అద్దె రూములల్ల, లైబ్రరీ ఆవరణలల్ల, బస్సు పైసలు మిగుల్చుకొని కట్టుకున్నం. కట్టుకున్నది కనపడ్తది గనుకనే దానికి గుంపు అని పేరు పెట్టిన్రు.

మా ఇంట్ల పుస్తకం లేదు గని పాట ఉన్నది. మా అవ్వ నాటేసుకుంట పాటెత్తుకుంటే పది మంది ఆడోళ్లు అందుకునేటోళ్లు. ఒక మాట కుదరకుంటే పక్కనున్న ఆమె ఇంకో మాట అందిచ్చేది. పాట బాగుపడేది, ఎవరి మనసూ చిన్నబోయేది కాదు. ఒకరి మాటను ఒకరు దిద్దుకునే చదువు నేను ముందు బురదల నేర్చుకున్న. బడిల సార్లు దాన్ని సాహిత్యం అనలేదు.

డిగ్రీకి పట్నమొచ్చి నారాయణగూడల సర్కారు హాస్టల్ల ఉన్నప్పుడు మొదటి కథ రాసిన. తంగేడు చెక్కతోటి తోలు ఊనబెట్టే లంద మీద, మా నాయన మీద. ఒక వారపత్రికకు పంపితే తిరిగొచ్చింది. లంద, ఆరె అన్న మాటల చుట్టు ఎర్ర సున్నాలు. పాఠకులకు అర్థమయ్యే భాషల రాయమని, వాసన గురించిన భాగం జుగుప్సగ ఉన్నది తీసెయ్యమని కింద ఒక చీటీ. ఎవరా పాఠకులు? మా వాడల లంద తెలువని మనిషి లేడు. వాళ్ల కథలల్ల మడి, దర్భ, ఆపోశనం వస్తే మేం అడిగి తెలుసుకొని చదివినం. ఒక్క లంద కోసం వాళ్లు మమ్ముల అడగలేకపోయిన్రు.

ఆ కథ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ఆవరణల మళ్ల బతికింది. అక్కడ ఐదుగురం ఆడపిల్లలం కలిసినం. ఒకామె పంతులమ్మ ట్రైనింగు, ఒకామె ఫీవర్ దవాఖానల డ్యూటీ, ఇద్దరు సర్కారు నౌకరీ పరీక్షలకు చదివెటోళ్లు. వారానికొకసారి ఒకరు చదవాలె, మిగిలినోళ్లు వినాలె. చదివినామె సంజాయిషీ చెప్పొద్దు. విన్నోళ్లు ఏం కండ్లకు కట్టిందో ముందు చెప్పాలె, ఎక్కడ తెగిపోయిందో తర్వాత అడగాలె. ఉత్తగ ‘బాగుంది’ అని లేచిపోతే ఊకునేటోళ్లం కాదు.

లంద కథ విని అందరికంటె పెద్దక్క అన్నది: “తీసెయ్యకు చెల్లే, ఇంకింత రాయి. ఆ వాసన ఎవలకు కొడ్తున్నదో రాయి. ఊరోళ్లకు అది కంపు. మీ నాయనకు అది కూడు. రెండూ రాయి.”

పత్రిక కొట్టేయమన్న జాగనే అక్క పెంచమన్నది. ఆ నెల ఆ కథను నాలుగుసార్లు తిరగరాసిన. నాలుగుసార్లూ వాళ్లు కూసోని విన్నరు. నన్ను రచయితను చేసింది ఆ వినుడే.

హాస్టలు ఇడిసినంక నల్లకుంటల ఇద్దరం రూము వెతికినం. శంకరమఠం చుట్టు గల్లీలల్ల టులెట్ బోర్డులకు కొదువ లేదు. “మీరేమోళ్లమ్మా?” అన్న మాటకు జవాబు చెప్పంగనే రూము అద్దెకు పోయేది. దొరికిన రూముల ఆదివారం ఏడెనిమిది మంది ఆడోళ్లు కూడితే, ఇదేమన్న సంఘం ఆఫీసా అని ఖాళీ చెయ్యమన్నరు. రెండేండ్లల్ల నాలుగు రూములు మారినం. రూములు పోయినయి గని కూడుడు ఆగలే. వచ్చెటామె దోసెడు బియ్యం తెచ్చేది. జిరాక్సుకు తలా రూపాయి ఏసేటోళ్లం. ఒక చెల్లెకు చంటిపిల్ల. ఆమె చదివినంతసేపు ఎవరో ఒకరం పిల్లను ఎత్తుకొని గల్లీల తిప్పేటోళ్లం. ఆడమనిషి రాయాలంటే ఆమె బిడ్డను గంటసేపు ఎత్తుకునే చెయ్యి కావాలె. ఏ అలంకారశాస్త్రమన్న ఈ ముచ్చట రాసిందా?

గుంపు మాకు కొత్త కాదు. ఈ హైదరాబాదులనే భాగ్యరెడ్డివర్మ 1906ల జగన్మిత్ర మండలి పెట్టి జనాన్ని కూడేసిండు. ‘భాగ్యనగర్’ పత్రిక 1931ల వచ్చింది. ముందు జనం, తర్వాత పత్రిక. 1941ల ‘గబ్బిలం’ రాసిన జాషువాకు సుత పద్యం పంచుకునే నేస్తం దీపాల పిచ్చయ్యశాస్త్రి ఉన్నడు. 1985 కారంచేడు, 1991 చుండూరు తర్వాత ఊరూర కూడినోళ్ల గొంతులే 1995ల ‘చిక్కనవుతున్న పాట’ సంకలనమైనయి. ఏ ఒక్కని తపస్సుతోటి అది రాలే.

ఆ సంకలనం మీద నాకు గౌరవం ఉన్నది. అన్నలను మాత్రం ఒకటి అడగాలె. మీరు రాత్రంత రూములల్ల, ఇరానీ హోటళ్లల్ల కవిత్వం ముచ్చట పెట్టుకున్నప్పుడు మా హాస్టలు గేటు ఏడింటికే మూసేటోళ్లు. “ఆడోళ్లు రాస్తలేరు” అని మీరే అన్నరు. గేటు సంగతి ఎవరూ అడగలే. గోగు శ్యామల సంపాదకత్వంల 2003ల ‘నల్లపొద్దు’ వచ్చినంక, 1921 సంది దళిత స్త్రీలు రాస్తనే ఉన్నరని తేలింది. 2006ల జూపాక సుభద్ర, గోగు శ్యామల కలిసి ‘నల్లరేగటిసాల్లు’ తెచ్చిన్రు. ఉమ్మడి రాష్ట్రంల మంత్రిగ చేసిన సదాలక్ష్మి బతుకును ‘నేనే బలాన్ని’ అని 2011ల పుస్తకం చేసింది సుత శ్యామలక్కనే. ఆడోళ్ల రాతలను ఆడోళ్లే దేవులాడి జమ చేసుకోవాల్సొచ్చింది. అదేం లోటో అన్నలే చెప్పాలె.

ఇయ్యాల త్యాగరాయ గానసభల శాలువాలకు కొదువ లేదు. మన సభలల్ల సుత ఒకరినొకరు పొగుడుకునుడు ఎక్కువైంది. పొగిడెటోడు సభ కాంగనే పోతడు. రాసినామెకు రెండో ప్రతి, మూడో ప్రతి వినెటోళ్లు కావాలె. కులం పేరు చెప్పి సంఘమని, లోపల చెల్లెకు మాట ఇయ్యనిది సంఘం కాదు.

అశోక్‌నగర్‌ల కోచింగులకొచ్చి, ఒక్క రూముల నలుగురైదుగురు సర్దుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్తున్న. మీ నోటుబుక్కుల వెనక పేజీలల్ల ఏం రాసుకుంటున్నరో నాకు ఎరికే. పరీక్ష అయినంక చూద్దామని దాచిపెట్టకున్రి. పక్క మంచం మీదున్న మనిషికి చదివి వినిపియ్యిన్రి. ఆమె చదివితే మీరు వినున్రి. “మీరేమోళ్లు?” అని అడగని జాగ ఒకటి ఈ వారమే పెట్టుకోన్రి. గేటు మూసే యాళ్లకు ముందే కూసోన్రి, ఆడపిల్లలకు సుత అందేటట్టు.