పంటి లెక్క
మంగంపేట గనుల ముగ్గురాయి (బెరైటీస్) మెత్తన, బరువు మాత్రం నీటికి నాలుగు రెట్ల పైమాటే. చమురు బావుల తవ్వకంలో దానికి గిరాకీ అందుకే. ఆ రాయిని పొడిచేసే మిల్లులకూ షాఫ్టులు కావాలి, షాఫ్టులో కీవే (చీల కూర్చునే గాడి) తీయడానికి మిల్లింగ్ కట్టర్ కావాలి, కట్టర్ మొద్దుబారక మానదు. ఇంటి షెడ్డులో బెంచ్ గ్రైండర్ ఉన్నవాడు డ్రిల్ బిట్టును చేత్తోనే సానబెట్టేస్తాడు, బాగానే కోస్తుంది. అదే ధీమాతో నాలుగు పళ్ల కట్టర్‌ను పట్టుకుంటేనే చిక్కు. ఒక్క పన్ను వెంట్రుకవాసి ఎత్తు మిగిలినా కోత భారమంతా దానిదే. తక్కిన మూడూ షికారుకొచ్చినట్టు తిరుగుతాయి. పంటికోసారి 90 డిగ్రీలు తిప్పి ఆపే ఇండెక్సింగ్ ఫిక్చర్ లేనిదే ఆ పని ముట్టుకోకూడదు. కట్టర్ కార్బైడ్‌దైతే పచ్చ సిలికాన్ కార్బైడ్ రాయో, వజ్రపు చక్రమో ఉండాలి. హైస్పీడ్ స్టీల్‌కు తెల్ల సానరాయి చాలు, కానీ తొందరపడి అదిమితే అంచు నీలం తిరుగుతుంది.