దగ్గు లేకపోయినా టీబీ ఉండొచ్చు: ఊపిరితిత్తుల బయట సోకే క్షయ గురించి తెలుసుకోవాల్సినవి

టీబీ అనగానే అందరికీ గుర్తొచ్చేది దగ్గు. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయించుకోవాలని ఏళ్లుగా ప్రచారం జరుగుతోంది. అది అవసరమే. కానీ మన దేశంలో నమోదవుతున్న టీబీ కేసుల్లో సుమారు నాలుగో వంతు ఊపిరితిత్తుల బయట సోకినవే. వీరిలో చాలామందికి దగ్గే ఉండదు.

ఎక్కడెక్కడ సోకుతుంది?

గాలి ద్వారా లోపలికి వెళ్లిన టీబీ క్రిమి రక్తం, లింఫు ద్వారా ఏ అవయవానికైనా చేరగలదు. ఎక్కువగా కనిపించేది లింఫు గ్రంథుల్లో. మెడ దగ్గర నొప్పి లేని బిళ్లలు కట్టి, వారాల తరబడి తగ్గవు. ఊపిరితిత్తుల చుట్టూ ఉన్న పొరలో నీరు చేరడాన్ని కూడా ఈ కోవలోనే లెక్కిస్తారు. వెన్నుపూసకు సోకితే తగ్గని నడుంనొప్పి వస్తుంది. ఆలస్యమైతే గూని, కాళ్లు చచ్చుబడటం వరకూ వెళ్తుంది. పేగులు, మూత్రపిండాలకూ సోకుతుంది. మహిళల్లో గర్భాశయం, ఫాలోపియన్ నాళాలకు సోకితే సంతానలేమికి దారి తీయొచ్చు. అన్నిటికన్నా ప్రమాదకరం మెదడు పొరలకు సోకే టీబీ. పుట్టగానే వేసే బీసీజీ టీకా పిల్లలకు ప్రధానంగా రక్షణ ఇచ్చేది ఇలాంటి తీవ్ర రూపాల నుంచే.

ఎందుకు ఆలస్యంగా బయటపడుతోంది?

నడుంనొప్పి వస్తే ఎముకల డాక్టరు దగ్గరికి, కడుపునొప్పి వస్తే గ్యాస్ మాత్రలకు వెళ్తాం. టీబీ అన్న అనుమానం రావడానికే నెలలు పడుతుంది. వచ్చినా కళ్లె పరీక్షలో ఏమీ తేలకపోవచ్చు. బిళ్ల నుంచి సూదితో తీసిన నమూనానో, నీటినో, చిన్న ముక్కనో పరీక్షించాలి. ఆ నమూనాలో క్రిములు తక్కువగా ఉంటాయి కాబట్టి సీబీనాట్ పరీక్షలో నెగెటివ్ వచ్చినంత మాత్రాన టీబీ లేదని తేల్చలేరు. స్కానింగ్, బయాప్సీ కలిపి చూడాల్సి ఉంటుంది. ఇక్కడే వ్యవస్థలోని లోటు కనిపిస్తుంది. కళ్లె డబ్బా ఊరి ఆరోగ్య కేంద్రంలో దొరుకుతుంది, బయాప్సీ చేయాలంటే మాత్రం పెద్దాసుపత్రికి వెళ్లాలి. 2025 నాటికి టీబీని అంతం చేస్తామన్న జాతీయ లక్ష్యం గడువు దాటింది. దగ్గు లేని రోగులను వెతకకుండా ఆ లక్ష్యం అందదు.

ఇతరులకు అంటుకుంటుందా?

ఊపిరితిత్తులకు సోకకుండా వేరే అవయవానికే పరిమితమైతే సాధారణంగా అంటుకోదు. రోగిని వేరుగా ఉంచాల్సిన పనిలేదు. అయితే ఊపిరితిత్తుల్లో కూడా ఉందేమో తెలుసుకోవడానికి ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి.

చికిత్స ఎన్నాళ్లు?

మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. చాలావరకు ఆరు నెలలు సరిపోతుంది. మెదడు, ఎముకల టీబీకి మరో మూడు నుంచి ఆరు నెలలు పొడిగిస్తారు. మందులు వాడుతుండగానే మెడ బిళ్ల కొంత పెద్దది కావొచ్చు. మందు పనిచేయట్లేదని మానేయకుండా డాక్టరుకు చూపించాలి. మూత్రం నారింజ రంగులో రావడం మామూలే. కళ్లు పచ్చబడినా, చూపు మసకబారినా మాత్రం వెంటనే వెళ్లాలి.

సాయం వీరికీ వస్తుందా?

వస్తుంది. నిక్షయ్ పోషణ్ యోజన కింద 2024 నవంబరు నుంచి నెలకు రూ.1,000 ఇస్తున్నారు. అంతకుముందు ఇది రూ.500. ఏ అవయవానికి సోకినా, ప్రైవేటులో చికిత్స తీసుకుంటున్నా అర్హులే. నిక్షయ్ పోర్టల్‌లో పేరు నమోదై, బ్యాంకు ఖాతా వివరాలు చేరి ఉండాలి. ప్రైవేటు డాక్టరు నమోదు చేశారో లేదో అడిగి, నిక్షయ్ ఐడీ తీసుకోండి. సందేహాలుంటే టోల్‌ఫ్రీ నంబరు 1800-11-6666.

తగ్గని జ్వరం, రాత్రిళ్లు చెమటలు, కారణం లేకుండా బరువు తగ్గడం, వీటికి తోడు ఒంట్లో ఎక్కడో ఒకచోట తగ్గని నొప్పో వాపో ఉంటే, ‘ఇది టీబీ కావొచ్చా?’ అని డాక్టరును మీరే అడగండి.