గడ్డి కాల్చొద్దంటే సరిపోదు, ఖర్చు ఎవరు భరిస్తారో చెప్పాలి

ఏటా అక్టోబరు చివరికి పంజాబ్, హర్యానా పొలాల్లో మంటలు లేస్తాయి. వెంటనే ఢిల్లీ పొగ గురించి చర్చ మొదలవుతుంది, దోషిగా రైతును నిలబెడతారు. ఆ గడ్డి నేలమీదే ఉంటే పైరుకు ఎంత మేలో, అలా ఉంచాలంటే రైతుకు ఏం కావాలో మాట్లాడేవారు తక్కువ. వరికోత యంత్రాలు పెరిగాక తెలంగాణలోనూ కొయ్యకాళ్లకు నిప్పు పెట్టడం చూస్తున్నాం. కనుక ఇది మనకు పరాయి సమస్య కాదు.

రైతు సరదాకు కాల్చడం లేదు. భూగర్భ జలాలను కాపాడేందుకు పంజాబ్ ప్రభుత్వం 2009లో చట్టం తెచ్చి, జూన్ 10కి ముందు వరి నాట్లు వేయరాదంది. ఉద్దేశం మంచిదే. కానీ నాట్లు వెనక్కి జరిగితే కోతలూ వెనక్కి జరుగుతాయి. గోధుమను నవంబరు మొదటి పక్షంలో విత్తుకోవాలి. ఆలస్యమైతే గింజ నిండే వేళకు ఎండలు ముదిరి దిగుబడి పడిపోతుంది. కోతకూ విత్తుకూ మధ్య మిగిలేది రెండు మూడు వారాలే. అంత తక్కువ వ్యవధిలో అగ్గిపుల్ల కంటే చౌకైన దారి రైతుకు కనిపించడం లేదు.

నిజానికి అది చౌక కాదు. టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్ ఉంటాయి. బూడిదలో కొంత పొటాష్ మిగిలినా నత్రజని దాదాపు అంతా గాలిలో కలిసిపోతుంది. నేలకు చేరాల్సిన సేంద్రియ పదార్థమూ పోతుంది. అదే ఎరువును మళ్లీ బస్తాల్లో కొనుక్కుంటున్నాం.

లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలతో కలిసి రూపొందించిన హ్యాపీ సీడర్ ఇందుకు ఒక దారి చూపింది. అది కొయ్యకాళ్లను కోసి పక్కకు తీస్తూ, దుక్కి లేకుండానే విత్తనం, ఎరువు వేసి, గడ్డిని నేలమీద పరుస్తుంది. గడ్డి కప్పు కింద తేమ త్వరగా ఆరదు, ఒక తడి ఆదా అయ్యే వీలుంది. వెలుతురు అందక గుల్లీ దండా కలుపు తగ్గుతుంది. పగటి ఎండకు నేల మరీ వేడెక్కదు, రాత్రి చలికి మరీ చల్లబడదు. 2022 మార్చి ఎండలకు గోధుమ గింజ నొక్కుకుపోయింది, మే నెలలో కేంద్రం ఎగుమతులనే నిషేధించింది. అలాంటి ఏడాదిలో నేలలో నిలిచిన తేమ విలువ రైతుకు వేరే చెప్పనక్కర్లేదు.

అయితే గడ్డి పరిస్తే చాలు, అంతా బాగుంటుందని చెప్పడం మోసమే. గడ్డి కుప్పగా పడినచోట మొలక రాదు. అందుకే కోత యంత్రానికి గడ్డిని సమంగా వెదజల్లే పరికరం ఉండాలి. ఎలుకలు చేరతాయి, గులాబీ రంగు కాండం తొలుచు పురుగు బెడద ఉంటుంది. గడ్డిని నేలలో కలియదున్నితే అది కుళ్లే తొలిదశలో పైరుకు నత్రజని తగ్గుతుంది. ఉత్తర చైనాలో గడ్డి కప్పు వల్ల వసంతంలో నేల చల్లగా ఉండిపోయి, పైరు ఎదుగుదల ఆలస్యమైన అనుభవాలున్నాయి. ఏ నేలకు, ఏ వాతావరణానికి ఎంత గడ్డి అన్నది అక్కడికక్కడ తేల్చుకోవాల్సిందే. అలా తేల్చుకునే రెండు మూడేళ్లలో వచ్చే నష్టం ఎవరిది? ఇప్పటికైతే రైతుదే.

2018 నుంచి యంత్రాలపై రైతుకు 50 శాతం, సహకార సంఘాలు, అద్దె యంత్ర కేంద్రాలకు 80 శాతం రాయితీ ప్రకటించారు. కానీ ఏడాదికి కొన్ని వారాలే పనిచేసే యంత్రానికి మిగతా సగం, దాన్ని లాగే పెద్ద ట్రాక్టరు, మూడెకరాల రైతు ఎక్కడ తెస్తాడు? కౌలు రైతు సంగతి చెప్పనే అక్కర్లేదు. గడ్డి కాల్చని చిన్న, సన్నకారు రైతులకు క్వింటాలుకు 100 రూపాయలు ఇవ్వాలని 2019 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అది ఏటా అందే హక్కుగా మారలేదు. జరిమానాలు మాత్రం 2024 నవంబరులో రెట్టింపయ్యాయి. రెండెకరాల లోపు రైతుకు 5,000, ఐదెకరాల లోపు 10,000, ఆపైన 30,000 రూపాయలు. శిక్షకు చూపిన తొందర సాయానికి లేదు.

మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. సహకార సంఘాల వద్ద కోతల సమయానికి సరిపడా యంత్రాలు ఉంచి, చిన్న రైతులకు అద్దె లేకుండా ఇవ్వాలి. గడ్డిని నేలమీద ఉంచిన ప్రతి ఎకరాకూ, సాగుచేసే కౌలు రైతు చేతికే ప్రోత్సాహకం అందాలి. తొలి ఏళ్ల దిగుబడి నష్టాన్ని ప్రభుత్వం భరించాలి. వరి తర్వాత వరి వేసే మన పొలాలకు గోధుమ పద్ధతి అలాగే సరిపోదు కనుక, మన నేలల్లో పరిశోధన చేసి చూపాలి.

ఊపిరి అందరిదీ. గాలిని శుభ్రంగా ఉంచే ఖర్చు మాత్రం ఒక్క రైతుదే ఎందుకవుతుంది?